భూమి బల్లపరుపా? బంతా?

భూమి గుండ్రంగా ఉందని చిన్న తరగతుల్లోనే వల్లె వేశాం. మన భాషలో ఆ పాఠానికి పేరే భూగోళం. పేరులోనే గోళమని ఒప్పుకున్నాక ఇక చర్చ దేనికని విజ్ఞులైన పాఠకులు అడగవచ్చు. కాని ఇవాళ చేతిలో ఫోను ఉన్న ప్రతి కుర్రవాడికీ "భూమి బల్లపరుపే, మిగతాదంతా మోసం" అని చెప్పే వీడియోలు దొరుకుతున్నాయి. వాటిని చూసి నవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. జవాబు చెప్పగలిగినవాళ్లు ఎందరన్నదే ప్రశ్న.

కళాశాల చర్చా వేదికలో ఒకసారి "భూమి బల్లపరుపు" అనే పక్షాన మాట్లాడే వంతు నాకు వచ్చింది. చీటీలు తీసి పక్షాలు పంచుకునే పద్ధతి కనుక నమ్మకంతో పని లేదు. ప్రతిపక్షంవారు మూడు మాటలు చెప్పారు: పాఠ్యపుస్తకంలో ఉంది, ఉపగ్రహం ఫోటో తీసింది, శాస్త్రజ్ఞులు చెప్పారు. మూడూ నిజమే. కాని మూడూ ఒకరి మాట మీద పెట్టుకున్న నమ్మకమే కదా! "పురాణంలో ఉంది" అనేవాడికీ "పుస్తకంలో ఉంది" అనేవాడికీ తేడా ఏమిటని అడిగాను. సభలో ఎవరూ లేవలేదు. తేడా ఉంది. అదేమిటో చూద్దాం.

బల్లపరుపు వాదానికి మన కృష్ణా డెల్టాను మించిన ఆస్థానం లేదు. పటమట నుంచి బందరు రోడ్డు పట్టుకుని పోతే అటూ ఇటూ వరిచేలు, పక్కన కాలువ, పైన ఆకాశం. మిట్ట అన్నది కంటికి ఆనదు. హిరణ్యాక్షుడు భూమిని చాపలా చుట్టాడన్న కథ ఈ నేల మీద పుట్టినవాడికి వింతగా తోచదు. పైగా ఒక గట్టి ప్రశ్న కూడా ఉంది: బందరు కాలువ తవ్విన ఇంజనీర్లు భూమి వంపు లెక్క వేశారా? వేయకపోయినా నీళ్లు పారుతూనే ఉన్నాయి కదా?

జవాబు లెవెలింగు పనిలోనే ఉంది. నీటి మట్టం అంటే సరళరేఖ కాదు, భూమి వంపును అనుసరించేదే మట్టం. విజయవాడ నుంచి బందరు దాకా సుమారు 70 కిలోమీటర్లు. ఇక్కడ నిటారుగా అడ్డంగా ఒక గీత గీసి అంతదూరం వంచకుండా పొడిగిస్తే, బందరు దగ్గర అది సముద్రమట్టానికి 380 మీటర్లకు పైన ఉంటుంది. కాని సర్వేవాళ్లు అంత దూరం ఒక్క చూపుతో చూడరు. వంద మీటర్ల చూపులో వంపు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. వెనక చూపు, ముందు చూపు సమాన దూరంలో పెట్టుకుంటే అదీ కొట్టివేత అవుతుంది. వంపు లేక లెక్క వేయలేదని కాదు, లెక్క వేయనక్కరలేని పద్ధతిలో పని చేశారని అర్థం.

ఈ తగాదా మనకు పాశ్చాత్యులు తెచ్చిపెట్టిందీ కాదు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో భూమి గోళమనీ, కదంబపు పూబంతి చుట్టూ రేకులున్నట్టు దాని చుట్టూ ప్రాణులున్నాయనీ ఉంది. ఎనిమిదో శతాబ్దపు జ్యోతిష్కుడు లల్లుడు బల్లపరుపు పక్షాన్ని సూటిగా నిలదీశాడు: భూమి సమతలమైతే తాటిచెట్టంత పొడవైనవి దూరం నుంచి ఎందుకు కనిపించవు? మన తీరానికి ఇంతకన్న తగిన సాక్ష్యం ఏముంది! మంగినపూడి ఒడ్డున నిలబడిన మనిషి కంటికి సముద్రం నాలుగున్నర కిలోమీటర్ల దాకానే. తీరానికి తిరిగి వచ్చే పడవవాడికి ఒడ్డు కూడా అంతే. కాని ఇరవై మీటర్ల తాటిచెట్టు తల అతనికి ఇరవై కిలోమీటర్ల నుంచే అందాలి. ముందు తలలు, తర్వాత మొదళ్లు. దూరమే కారణమైతే తలా మొదలూ కలిసే మాయం కావాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నీటికి దగ్గరగా గాలిలో వేడి తేడాల వల్ల వెలుతురు వంగుతుంది. 1838లో ఇంగ్లండులో రోబోథాం అనే ఆయన ఆరు మైళ్ల తిన్నని కాలువలో దిగి, నీటి మట్టానికి కొద్ది అంగుళాల ఎత్తు నుంచి చూసి, అవతలి కొసన పడవ కనిపించింది కనుక భూమి చదును అని ప్రకటించాడు. 1870లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 500 పౌన్ల పందెం కట్టి అదే కాలువ మీద మళ్లీ పరీక్ష చేశాడు. ఈసారి నీటికి పదమూడు అడుగులకు పైన, మూడుచోట్ల ఒకే ఎత్తులో గుర్తులు. దుర్భిణిలో నడిమి గుర్తు పైకి లేచి కనిపించింది. పందెం వాలెస్‌దేనని మధ్యవర్తి తేల్చాడు. ఎదుటివాడు హ్యాంప్డెన్ మాత్రం ఒప్పుకోలేదు సరికదా, ఏళ్ల తరబడి దూషణలతో వాలెస్‌ను వేధించాడు. సాక్ష్యం మనిషిని మార్చి తీరుతుందని అనుకోరాదు. చూసేవాళ్లలో మనసు తెరిచి ఉన్నవాళ్ల కోసమే ఆ శ్రమ.

ఇప్పుడు మనమే చేయగల పరీక్ష. మే 6 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 6 ప్రాంతంలో, విజయవాడలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిటారుగా పాతిన మీటరు కర్రకు నీడ ఉండదు. అదే రోజు, దాదాపు సూటిగా దక్షిణాన 380 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నైలో అదే కర్రకు ఆరు సెంటీమీటర్ల నీడ పడుతుంది, అదీ దక్షిణం వైపు. కోణం సుమారు 3.43 డిగ్రీలు. 360 డిగ్రీలకు ఎంతని త్రైరాశికం వేస్తే భూమి చుట్టుకొలత 39,900 కిలోమీటర్లకు అటూ ఇటూ వస్తుంది. రెండు వేల ఏళ్లకు పైబడిన ఎరటోస్తనీసు పద్ధతి ఇదే.

బల్లపరుపు పక్షంవాడు తెలివైనవాడైతే ఇక్కడ అడ్డు తగులుతాడు: "భూమి చదునే, సూర్యుడు దగ్గర్లో ఉన్నాడు, అందుకే నీడలు మారాయి." న్యాయమైన అభ్యంతరమే! రెండు కర్రలతో అతన్ని ఓడించలేం. అతని లెక్క ప్రకారం సూర్యుడి ఎత్తు సుమారు 6,300 కిలోమీటర్లు. అందుకని మూడో కర్ర కావాలి. లండనులో ఉన్న మన పూర్వవిద్యార్థి ఒకరు అదే రోజు, అక్కడి మధ్యాహ్నం, నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలిస్తే 70 సెంటీమీటర్లు వస్తుంది. ఉత్తర దక్షిణాలుగా దూరం 3,890 కిలోమీటర్లు. చదును లెక్కలో సూర్యుడి ఎత్తు ఇప్పుడు 5,550కి దిగిపోయింది! ఒకే రోజు ఒకే సూర్యుడికి రెండు ఎత్తులు ఎలా? గోళం లెక్కలో మాత్రం 35 డిగ్రీలకు 3,890 కిలోమీటర్లు, అంటే చుట్టుకొలత మళ్లీ 40,000 దగ్గరే. రెండు కొలతలకు ఒక్క జవాబు ఇచ్చేది నిలిచింది, రెండు జవాబులు ఇచ్చేది పడిపోయింది.

అయితే భూమి అచ్చమైన బంతీ కాదు. మధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357. ఒక డిగ్రీ పొడవు ఎక్కడ ఎంతో తేల్చడానికే 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ కొలత మొదలుపెట్టాడు. ఆయన కింద పనిచేసిన ఎవరెస్టు 1819-20లో కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో సర్వే చేస్తూ జ్వరాన పడి, కోలుకోవడానికి దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. పుస్తకంలో ఒక వాక్యంగా కనిపించే అంకె వెనుక ఇంత కష్టం ఉంది.

పుస్తకానికీ పురాణానికీ తేడా ఇదే: పుస్తకం తనను పరీక్షించే దారి కూడా చెబుతుంది. పటమటకు ఈ మాట కొత్త కాదు. వృక్షశాస్త్ర అధ్యాపకుడైన గోరా 1947లో తన నాస్తిక కేంద్రాన్ని ఇక్కడికి తెచ్చారు. ఆయనా, సరస్వతీ గోరా, వారి సహచరులూ గ్రహణవేళ గర్భిణులు బయటికి రాకూడదన్న నమ్మకాన్ని వ్యాసాలతో సరిపెట్టక, వాళ్లను బయటికి పిలిచి మరీ ఎదిరించారు. దేవుడి విషయంలో వారితో ఏకీభవించని వాళ్లు కూడా ఆ పద్ధతిని కాదనలేరు.

మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. అయినా మన సంఘం వచ్చే ఏడాది కార్యక్రమాల్లో దీన్ని చేర్చాలని నా మనవి. ఖర్చు మూడు కర్రలు, ఒక తూకపుగుండు, ఒక టేపు. బల్లపరుపు అని నమ్మే మిత్రుడు ఎవరైనా ఉంటే, ఎగతాళి చేయకుండా టేపు అతని చేతికే ఇద్దాం.