స్కిజోఫ్రీనియా రోగికి నర్సింగ్ సంరక్షణ ప్రణాళిక

2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని డైరీ ఫార్మ్‌లో ఒక తెలుగు కుటుంబంలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా వస్తే, నర్సు ముందుగా చూడవలసింది రోగి ఏ భాషలో మనసు విప్పగలరన్నదే. ఈ వ్యాధిని రక్తపరీక్ష పట్టివ్వదు. ప్రధానంగా సంభాషణ, పరిశీలనల ద్వారానే గుర్తిస్తారు.

ప్రపంచంలో దాదాపు 345 మందిలో ఒకరికి ఈ వ్యాధి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఎవరూ లేకున్నా మాటలు వినిపించడం, ఎవరో కీడు తలపెట్టారని గట్టిగా నమ్మడం, నలుగురిలో కలవలేకపోవడం దీని లక్షణాలు.

సంరక్షణ ప్రణాళికలో ఐదు దశలుంటాయి: పరిశీలన, సమస్య నిర్ధారణ, లక్ష్య నిర్ణయం, ఆచరణ, సమీక్ష. మాటలు వినిపిస్తున్నాయని రోగి చెబితే వాదించకూడదు, నిజమేనని ఒప్పుకోనూ కూడదు. "నాకు వినిపించడం లేదు, కానీ మీకు భయంగా ఉందని అర్థమవుతోంది" అనాలి. ఆ మాటలు ఏం చెబుతున్నాయో తప్పక అడగాలి. తనకు గానీ ఇతరులకు గానీ హాని చేయమంటుంటే రోగిని ఒంటరిగా వదలక, వెంటనే వైద్యునికి తెలపాలి.

లక్ష్యాలు చిన్నవిగా, కొలవదగినవిగా ఉండాలి. 'ఆరోగ్యం మెరుగవుతుంది' అని రాస్తే సమీక్షకు పనికిరాదు. 'వారంలోగా గుర్తుచేయకుండానే స్నానం చేస్తారు' అని రాస్తే పనికొస్తుంది.

తగ్గిందనుకొని మందులు ఆపేస్తే వ్యాధి తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. వణుకు, ఒళ్లు బిగుసుకోవడం వంటి దుష్ప్రభావాలు కనిపిస్తే మందు మానేయకుండా వైద్యుని సంప్రదించాలి. నిద్ర తగ్గడం, అనుమానాలు పెరగడం తొలి హెచ్చరికలని కుటుంబానికి ముందే చెప్పాలి. ఉచిత సలహాకు టెలి మానస్ నంబరు 14416.