మట్టి లేని సేద్యమున వేళ్ల సంరక్షణము

మట్టి లేక, లవణములు కరగించిన నీటిలో పైరు పెంచు విధానమునకు హైడ్రోపోనిక్స్ అను పేరును 1937లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు గెరికె పండితుడు ప్రకటించెను. నేడు మన పట్టణముల చెంతను కొంద రీరీతిని ఆకుకూరలు పండించుచున్నారు.

ఇందు ఆకును జూచి మురిసిన చాలదు, వేరును జూడవలెను. తెల్లని వేరు ఆరోగ్యమునకు గుఱుతు. వేరు గోధుమవన్నె తిరిగి, పట్టి లాగినంతనే పైతొక్క యూడి లోని నరము మాత్రమే మిగిలినచో పిథియమను కుళ్లు తగిలిన దని యెఱుంగునది. తొట్టి నీరు అన్నిటికి నొక్కటియే గనుక తెగులు మొక్కమొక్కకును పాకును.

నీటి వేడిమి దీనికి తఱచు హేతువు. 20 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద లీటరు నీట సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నరయే నిలుచును. వేరు మాత్రము వేడిలో మఱింత వాయువును కోరును. మన వేసవిలో నిదియే చిక్కు. తొట్టిని నేలలో పాతి, వెలుతురు సోకకుండ మూతవేసినచో నీరు చల్లగా నుండును, పాచియు పట్టదు.

నీటి పి.హెచ్. 5.5 మొదలు 6.5 వఱకు నుండవలెను. అంతకు మించినచో ఇనుము అందక లేతాకులు ఈనెల నడుమ పసుపువాఱును. అప్పు డెరువు పెంచుట వ్యర్థము.

గొట్టములలో పలుచని ధార పాఱించు పద్ధతిలో, విద్యుత్తు ఆగినచో ఎండవేళ కొలది గంటలలోనే పైరు వాడిపోవును. కావున సంఘమునం దప్పు కోరు సభ్యులు మాఱు పంపునకును బ్యాటరీకిని అగు వ్యయమును ముందే లెక్కలో చేర్పవలెను. సామగ్రి నమ్మువారి పట్టికలలో నది తఱచు కానరాదు.