బిడ్డను ఏ బడికి పంపవలెను?

వేసవి సెలవులు ముగియవచ్చిన దినములలో చిన్నబిడ్డలున్న ప్రతి యింటను ఒకే చర్చ నడచును. సర్కారు బడియా, ప్రైవేటు బడియా? ఇటీవల పట్టణములలో కొందరు దంపతులు మూడవ ప్రశ్నను కూడ వేసికొనుచున్నారు: అసలు బడికే పంపక, ఇంటివద్దనే చదువు చెప్పుకొనరాదా? ఇరుగుపొరుగువారు "మీవాణ్ణి ఎందులో వేశారు?" అని అడుగుదురే కాని, "మీవాడు ఏం చదువుతున్నాడు?" అని అడుగువారు అరుదు. ఈ రెండు ప్రశ్నలకు నడుమనున్న దూరమును గూర్చియే మేమిచట ముచ్చటింపదలచితిమి.

ఇది తేలికైన విషయము కాదు. కూలినాలి చేసికొను కుటుంబము సయితము ఫీజునకు, పుస్తకములకు, బస్సునకు, బూట్లకు అప్పు చేయుచున్నది. అందరు బిడ్డలకు ఫీజు కట్టుటకు చాలనప్పుడు కొడుకును ప్రైవేటు బడికిని, కూతురును సర్కారు బడికిని పంపుట మన గ్రామములలో చూచుచునే యున్నాము. ఆ డబ్బునకు తగిన చదువు దొరకుచున్నదా యని విచారించుట మాత్రము చాల తక్కువ.

ఇంటి చదువు నేటి వింత యని కొందరనుకొందురు. కాదు. దత్తమండలముల కలెక్టరుగా రాయలసీమవారికి పరిచితుడైన సర్ థామస్ మన్రో, తరువాత గవర్నరై, 1822లో మద్రాసు ప్రెసిడెన్సీ యంతటను దేశీయ పాఠశాలల లెక్క తీయించెను. తెలుగు జిల్లాలును అందులోనివే. 1826లో ఆయన వ్రాసిన నివేదికలో 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. మద్రాసు నగరమున మాత్రము ఇండ్లలో చదువుకొనువారు బడులలోనివారికి సుమారు అయిదు రెట్లని తేలినది. ఈ అంకెలో ఏదో పొరపాటు ఉండవచ్చునని మన్రోయే సందేహించెను. అయినను బంధువులో, ఇంటికి కుదుర్చుకొన్న అయ్యవారో చదువు చెప్పుట విస్తారముగా ఉండెనని ఆయన అంగీకరించెను. ఆ చదువు ఎవరికి దక్కినదో కూడ చెప్పవలెను. ఆడపిల్లలకును, అంటరానివారుగా చూడబడినవారికిని ఆ లెక్కలలో చోటు మిక్కిలి స్వల్పము.

సర్కారు, ప్రైవేటు అను పేర్లకు సయితము ఎల్లకాలము ఒకే అర్థము లేదు. నిజాము రాజ్యమున సర్కారు చదువు ప్రధానముగా ఉర్దూలో సాగెడిది. తెలుగులో చదువగోరువారికి ఖాన్గీ బడి, అనగా ప్రైవేటు బడియే దిక్కు. దానిని తెరచుటకు ప్రభుత్వపు అనుమతి కావలసియుండెను. ఆ నిర్బంధములను తొలగింపుమని ఆంధ్ర మహాసభ కోరినది. మాడపాటి హనుమంతరావు ప్రభృతుల కృషివలన 1928లో హైదరాబాదు నారాయణగూడలో వెలసిన బాలికల పాఠశాల తెలుగు మాధ్యమమున నడచినది. గుర్తింపుకొరకు అది కార్వే పండితుని మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసి వచ్చినది. నాడు తల్లిభాషకొరకు ప్రైవేటు బడికి పోయిరి. నేడు ఇంగ్లీషుకొరకు పోవుచున్నారు. ఇప్పుడు ఈ గీత కూడ చెరగుచున్నది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 నుండి ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టబడినది. ఆంధ్రప్రదేశమున 2020-21లో ఒక పుటలో తెలుగును, ఎదుటి పుటలో ఇంగ్లీషును గల పాఠ్యపుస్తకములు వచ్చినవి.

ఇక అసలు ప్రశ్న. ప్రైవేటు బడిలో చదువు మెరుగా? పరీక్ష పెట్టి చూచినచో ప్రైవేటు బడి పిల్లలకు ఎక్కువ మార్కులు వచ్చుట సహజము. కాని ఆ పిల్లల తల్లిదండ్రులు తరచుగా చదువుకొన్నవారు, కొంత కలిగినవారు. ఇంటిలో పలుకరించి చదివించువారున్నారు. అట్టి బిడ్డ ఏ బడిలోనున్నను కొంత ముందే యుండును. కావున ఆ మార్కులలో బడి పాలు ఎంత, ఇంటి పాలు ఎంత యని విడదీయుట కష్టము.

ఈ చిక్కును విడదీయుటకు మన తెలుగునాటనే ఒక గొప్ప ప్రయత్నము జరిగినది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి అయిదు జిల్లాలలో 180 గ్రామములను ఎంచి, ప్రైవేటు బడికి పోగోరు పేదపిల్లలనుండి దరఖాస్తులు స్వీకరించిరి. ముందుగా గ్రామములమధ్యను, పిమ్మట విద్యార్థివేతనము ఇయ్యదలచిన గ్రామములలో పిల్లలమధ్యను లాటరీ తీసిరి. పేరు వచ్చిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు, పుస్తకములు, దుస్తులు ఉచితముగా లభించినవి. పేరు రానివారు తమ దారిని తాము చూచుకొనిరి. కోరిక ఇరువురకును ఒకటే, కుటుంబములును ఒక విధమైనవే, తేడా అదృష్టమొక్కటే. నాలుగేండ్లు వారిని వెంబడించి చూచి, ఆర్థికశాస్త్రజ్ఞులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో ఫలితములను ప్రకటించిరి.

రెండేండ్ల తరువాతను, నాలుగేండ్ల తరువాతను తెలుగులోను, లెక్కలలోను ఇరువురకును భేదము కానరాలేదు. ఇంగ్లీషులో సయితము గట్టిగా చెప్పదగినంత తేడా లేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడికి పోయినవారు చాల ముందుండిరి. ఇందులో రహస్యమేమియు లేదు: మన సర్కారు బడులలో హిందీ ఆరవ తరగతినుండి గాని మొదలు కాదు. ప్రైవేటు బడులు ఆ సమయమును ఎచటనుండి తెచ్చినవి? తెలుగునుండియు, లెక్కలనుండియు. తెలుగునకు సర్కారు బడికంటె ఐదింట రెండు వంతులు తక్కువ సమయమును, లెక్కలకు సుమారు మూడవ వంతు తక్కువ సమయమును అవి వెచ్చించుచుండెను. అంత తక్కువ సమయములోనే ఆ రెంటిలో సమానముగా నిలిచినవి. సర్కారు బడిలో ఉపాధ్యాయుని జీతము అయిదు రెట్లకు మించి యుండెను. ప్రైవేటు బడిలో ఒక్కొక్క పిల్లవానిపై అగు వ్యయము సర్కారు వ్యయములో మూడవ వంతునకు లోపే.

ఈ ఫలితమును చూచి ఇరుపక్షములవారును జయము తమదేయని చెప్పుకొనవచ్చును. మాకు తోచినది వేరు. బిడ్డ దేనిపై గంటలు గడపినదో దానినే నేర్చినది. పలకమీది పేరు ఆ గంటలను మార్చలేదు. మరియొక మాట: తెలుగు మాధ్యమమునుండి ఇంగ్లీషు మాధ్యమపు ప్రైవేటు బడికి మారిన పిల్లలు, తెలుగు మాధ్యమపు ప్రైవేటు బడికి పోయినవారికంటె ఇతర విషయములలో వెనుకబడినట్లు కనిపించినది. పరిశోధకులు దీనిని నిర్ధారణగా గాక సూచనగానే చెప్పిరి. ఇవన్నియు పల్లెలలో తక్కువ ఫీజుతో నడచు ప్రాథమిక పాఠశాలల సంగతులు. నగరములలో లక్షలు తీసికొను బడులను గూర్చి ఈ పరీక్ష ఏమియు చెప్పదు.

ఇంటి చదువు సంగతి. 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్యను విధించుచున్నది. బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యనుచున్నది. చేర్చనివారికి శిక్షను మాత్రము చెప్పలేదు. ఇంటి చదువును పేరెత్తి అనుమతింపనులేదు, నిషేధింపనులేదు. ఆ దారిని పోవువారు తరచుగా జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదవ తరగతి పరీక్ష వ్రాయింతురు. దానికి 14 ఏండ్లు నిండియుండవలెను. రెండు రాష్ట్రములకును సొంత సార్వత్రిక విద్యాపీఠములు కూడ కలవు. జబ్బుతో బాధపడు బిడ్డకు, బడిలో వేధింపులకు లోనైన బిడ్డకు ఇంటి చదువు మేలు చేయవచ్చును. కాని దానికి ఫీజు లేదనుట సరికాదు. ఇంటిలో ఒకరు దినమంతయు దానికే అంకితము కావలెను. ఆ ఒకరు దాదాపు ఎప్పుడును తల్లియే. ఆమె వదలుకొన్న ఉద్యోగమును ఎవరు లెక్కవేయుదురు?

బడిని చూడబోవువారు భవనమును, బస్సును చూచి మరలుదురు. వేళాపట్టిక నడుగుడు. తెలుగునకు, లెక్కలకు వారమునకు ఎన్ని గంటలు? ఎన్ని తరగతులకు ఎందరు ఉపాధ్యాయులు? చట్టము ప్రకారము ప్రాథమిక తరగతులలో 30 మందికి ఒక ఉపాధ్యాయుడు ఉండవలెను. ఒకే ఉపాధ్యాయుడు మూడు తరగతులను ఒక గదిలో కూర్చుండబెట్టు సర్కారు బడి మనకు క్రొత్త కాదు. అట్టిచోట బిడ్డకు దక్కు కాలము మూడవ పాలే. ప్రైవేటు బడిలోనైనచో పై తరగతి బిడ్డ నోటుపుస్తకమును తిరగవేయుడు. ప్రశ్నకు ఎదుట నల్లబల్ల మీది జవాబే అందరి పుస్తకములలోను అక్షరము పొల్లుపోకుండ ఉన్నచో, అది దస్తూరి అభ్యాసమే గాని చదువు కాదు. సర్కారు బడిని ఎన్నుకొన్నవారికి ఒక హక్కు కలదు, దానిని వాడుకొనువారు కొద్దిమంది: పాఠశాల యాజమాన్య సంఘములో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండవలెను. ప్రైవేటు బడిలో ఫీజు కట్టువారికి చట్టము ఇట్టి పీఠము నీయలేదు. అయితే పేద, బలహీన వర్గముల పిల్లలకు ఆ బడులలో ప్రవేశ తరగతిలో 25 శాతము సీట్లు కేటాయింపవలెనని అదే చట్టము చెప్పుచున్నది. అర్హులైనవారు ప్రకటన కొరకు కనిపెట్టుకొని యుండవలెను.

బిడ్డ ఇదివరకే బడిలో ఉన్నచో పరీక్ష మరింత సులభము. గ్రామీణ భారతమున అయిదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2018లో 50.5 శాతము, 2022లో 42.8 శాతము అని అసర్ సర్వేలో తేలినది. ఇందులో సర్కారు, ప్రైవేటు రెండు రకముల బడుల పిల్లలును కలరు. ఈ సర్వే పద్ధతి ఇంటిలోను పనికివచ్చును. రెండవ తరగతి తెలుగు వాచకమునుండి బిడ్డ మునుపు చూడని ఒక పుటను తీసి చదువుమనుడు. కూడబలుకుకొనకుండ చదివి, కథ ఏమని అడిగినప్పుడు తన మాటలలో చెప్పగలుగుచున్నదో లేదో వినుడు. అన్నాచెల్లెండ్రు వేర్వేరు బడులకు పోవు ఇండ్లలో, ఇద్దరిచేతను ఒకే పుటను చదివింపుడు.