మీటరు ఎవరు చూడాలి?



మాది బసంత్‌నగర్. ఊళ్లోనే సిమెంటు ఫ్యాక్టరీ. కాస్త ముందుకు పోతే రామగుండం, గోదావరిఖని. మా వైపు వాళ్లకు కరెంటు అంటే స్విచ్చి నొక్కితే వచ్చేది మాత్రమే కాదు, దాని పుట్టుక కూడా మేం ఎరుగుదుం. బొగ్గుబాయిలోకి దిగేవాళ్లు మా ఇళ్లవాళ్లే. 2,600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రంలో షిఫ్టులు చేసేవాళ్లూ మా ఇళ్లవాళ్లే. అయినా ఆ కరెంటు మన ఇంట్లో ఎంత ఖర్చయిందో చెప్పే మీటరును మాత్రం బిల్లు వచ్చిన రోజు తప్ప తలెత్తి చూడం.

ఈ రోజు నేను చెప్పబోయేదీ ఒక మీటరు సంగతే. అయితే ఇది గోడ మీద ఉండే మీటరు కాదు. కంప్యూటరు లోపల ప్రాసెసరు అని ఒక బిళ్ల ఉంటుంది, లెక్కలన్నీ చేసేది అదే. అది ఎంత కరెంటు తింటున్నదో చెప్పే మీటరు.

దీని గొడవ నాకెందుకు పట్టిందంటారా? మా చెల్లెలి కూతురు హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. “నీ పని ఏంది బిడ్డా?” అని అడిగితే, “వేరేవాళ్లు రాసింది నేను చదివి తప్పులు పడత పెద్దమ్మా” అంది. “దానికి కూడా జీతమిస్తరా?” అని నవ్వాను. ఆ పని ఎంత బరువైనదో తర్వాత తెలిసింది.

కంప్యూటరులో మనకు కనబడే ప్రోగ్రాములన్నిటి కిందా కెర్నెల్ అని ఒక మూల ప్రోగ్రాము ఉంటుంది. ఇంటి తాళంచెవుల గుత్తి కొంగున కట్టుకున్న పెద్దకోడలు లాంటిది. ఎవరికి ఏం కావాలన్నా దాన్నే అడగాలి. లినక్స్ కెర్నెల్‌ను 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రపంచం నలుమూలల నుంచీ వేలాదిమంది దానికి చేయి వేస్తున్నారు. మన చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నదీ అదే.

కెర్నెల్‌కు యంత్రంలోని ఒక్కొక్క భాగంతో మాట్లాడటానికి ఒక్కొక్క దుబాసీ కావాలి. ఆ దుబాసీనే డ్రైవర్ అంటారు. మామూలు ప్రోగ్రాములో తప్పుంటే ఆ ఒక్క ప్రోగ్రామే ఆగిపోతుంది. డ్రైవర్ అలా కాదు. అది కెర్నెల్ లోపలే ఉంటుంది గనుక, అందులో తప్పు దొర్లితే మొత్తం యంత్రమే కుప్పకూలవచ్చు.

మా బొగ్గుబాయిల దగ్గర లోపలికి దిగేముందు మనిషిని తడిమి చూస్తారు. జేబులో బీడీ, అగ్గిపెట్టె ఉంటే అక్కడే ఆపేస్తారు. అది మనిషి మీద అనుమానంతో చేసే పని కాదు. లోపల గ్యాసు ఉంటే ఒక్క అగ్గిపుల్ల చాలు, అందుకని. డ్రైవర్‌ను కెర్నెల్‌లోకి పంపేముందు చేసే పరీక్ష కూడా అటువంటిదే. రాసినవాళ్లు తమ రాతను అందరూ చదివేలా ఉత్తరంగా పంపుతారు. ఆ విభాగం చూసేవాళ్లు పంక్తి పంక్తీ చదివి ప్రశ్నలు వేస్తారు. జవాబు రాసి, దిద్ది, మళ్లీ పంపాలి. ఒక్కొక్కటి అయిదారుసార్లు తిరిగి రావడమూ మామూలే.

ఈ మీటరు డ్రైవర్‌లో వాళ్లు ఏమేం చూస్తారో మా అమ్మాయి నాకు విప్పి చెప్పింది. మన మీటరు యూనిట్లలో లెక్క చెబుతుంది. ప్రాసెసరు జౌళ్లలో చెబుతుంది. సెకనుకు ఒక జౌల్ ఖర్చయితే ఒక వాట్ అన్నమాట. మన ఒక్క యూనిట్‌కు 36 లక్షల జౌళ్లు. ఏ.ఎమ్.డి. ప్రాసెసర్లలోని మీటరు ఒక్కో జౌల్‌ను 65,536 ముక్కలు చేసి, ఆ ముక్కల్ని లెక్కపెడుతుంది. కెర్నెల్ మాత్రం జౌల్‌లో పదిలక్షో వంతుల్లోనే లెక్క చెప్పమంటుంది. ఆ మార్పిడి సరిగ్గా చేశారా అన్నది మొదటి ప్రశ్న. కెర్నెల్‌లో దశాంశాలతో లెక్క చేయకూడదు. పూర్ణాంకాలతోనే సర్దుకోవాలి. ముందు భాగిస్తే చిల్లర పోతుంది. ముందు గుణిస్తే అంకె మరీ పెద్దదై గిన్నె పొర్లుతుంది. పిండి కొలతలాగా ఏది ముందో ఏది వెనకో తెలిసి చేయాలి.

రెండో ప్రశ్న నాకు బాగా నచ్చింది. మన పాత మీటర్లలో అంకెలు 99999 దాకా వెళ్లి మళ్లీ 00000కు వచ్చేవి, గుర్తుందా? ఆ నెల పాత రీడింగు ఎక్కువ, కొత్త రీడింగు తక్కువ. తెలియనివాడు లెక్క కడితే మనమే కరెంటాఫీసుకు కరెంటు అమ్మినట్లు తేలుతుంది! ప్రాసెసరు మీటరుదీ అదే కథ. సుమారు 429 కోట్ల ముక్కలు లెక్కపెట్టి మళ్లీ సున్నాకు వస్తుంది. అంటే 65,536 జౌళ్లు. మన యూనిట్‌లో యాభైఅయిదో వంతు. 240 వాట్లు తినే పెద్ద సర్వరు ప్రాసెసరు అయితే నాలుగున్నర నిమిషాల్లోనే చక్రం తిరిగి వచ్చేస్తుంది. అది తిరిగేలోపే డ్రైవర్ వెళ్లి రీడింగు తీసుకుని, పెద్ద పద్దులో కలుపుకోవాలి. ఆలస్యమైతే ఎన్నిసార్లు తిరిగిందో ఇక బ్రహ్మకు కూడా తెలియదు.

ఆ పెద్ద పద్దులో ఇద్దరు ఒకేసారి రాస్తే ఏమవుతుందన్నది మూడో ప్రశ్న. చిట్టీ పుస్తకంలో అత్తా కోడలూ ఒకరికి తెలియకుండా ఒకరు రాసినట్లే. కాబట్టి ఒకరు రాస్తున్నంతసేపూ మరొకరు ఆగేలా గొళ్లెం ఉందా అని చూస్తారు.

ఇవన్నీ లెక్క తప్పే సంగతులు. అసలు ప్రశ్న ఇంకొకటి ఉంది. లెక్క సరిగ్గా ఉన్నా ముప్పు తెచ్చే ప్రశ్న అది. దాన్ని చెప్పాలంటే మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పాలి.

చాలా ఏళ్ల కిందటి మాట. మేం అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మీటరు వీధివైపు గోడకు ఉండేది. లోపల వెండిరంగు చక్రం, దాని మీద నల్లటి గుర్తు, కరెంటు వాడినకొద్దీ గిరగిర తిరిగేది. మేం పెళ్లికని మూడురోజులు ఊరెళ్లాం. వెళ్లేటప్పుడు మెయిను ఆపి వెళ్లాం, జాగ్రత్తపరులం కదా! వచ్చి చూస్తే తాళం పగిలి ఉంది. మా అమ్మ ఇచ్చిన ఇత్తడి బిందెలు, రెండు వెండి గ్లాసులు పోయాయి. పక్కింటి ముసలాయన అన్నాడు: “మీటరు తిరగకుంటే ఇంట్ల ఎవ్వరు లేనట్టే గదమ్మా. దొంగకు తలుపు కొట్టి చూసే పనే లేదు.”

ఆ మాట నా గుండెలో నాటుకుంది. మేం ఎవరికీ చెప్పకుండా వెళ్లాం. కిటికీలు వేశాం. ఇంటి లోపలి సంగతి వీధిలోకి చెప్పింది మా మీటరే.

ప్రాసెసరు మీటరూ సరిగ్గా ఇదే పని చేస్తుందని 2020 నవంబరులో లోకానికి తెలిసింది. ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం, జర్మనీలోని ఒక పరిశోధన కేంద్రం వాళ్లు కలిసి కనిపెట్టారు. దానికి ప్లాటిపస్ అని పేరు పెట్టారు. ప్రాసెసరు చేసే పనిని బట్టి, ఆ పనిలో కదిలే అంకెల్ని బట్టి, కరెంటు ఖర్చు వెంట్రుకవాసి మారుతుంది. ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. వేలూ లక్షలసార్లు చూసి సగటు కడితే లోపల ఏం జరుగుతోందో బయటపడుతుంది. కొన్ని పరిస్థితుల్లో రహస్య సంకేతాల తాళంచెవుల్నే రాబట్టి చూపించారు.

కరెంటు ఖర్చు చూసి రహస్యం పట్టడం కొత్త సంగతేమీ కాదు. 1999లోనే పాల్ కోచర్, ఆయన సహచరులు స్మార్ట్ కార్డుల మీద ఈ పని చేసి చూపారు. కానీ దానికి కార్డు చేతికి చిక్కాలి, తీగలు తగిలించాలి, కొలిచే పరికరం కావాలి. ఇప్పుడు ఆ పరికరం ప్రాసెసరు లోపలే ఉన్నది. ఇంటెల్ 2011 నుంచి తన ప్రాసెసర్లలో పెడుతూ వచ్చింది. 2020 దాకా లినక్స్‌లో ఆ రీడింగును ఎవరైనా చదవగలిగేవారు. అంటే వీధివైపు గోడకు మీటరు!

ఏ.ఎమ్.డి. మీటరును చదివే డ్రైవర్ కథ వినండి. అది 2020 ఆగస్టులో వచ్చిన లినక్స్ 5.8లో చేరింది. పరీక్షలన్నీ దాటే చేరింది. అప్పుడు ఆ రీడింగుకు ఉన్న అనుమతి అంకెలు మూడు నాలుగులు. మొదటి నాలుగు యజమాని చదవడానికి, రెండోది అతని బృందానికి, మూడోది తక్కిన లోకానికంతా. నవంబరులో ప్లాటిపస్ బయటపడగానే ఆ చివరి నాలుగును సున్న చేశారు. లోకానికి తలుపు మూశారు.

అక్కడితో పేచీ తీరలేదు. ఎవరూ చదవలేని మీటరు ఎందుకన్న ప్రశ్న వచ్చింది. రీడింగును నెమ్మదిగా, కాస్త అటూ ఇటూ కలిపి చూపిద్దామని ప్రయత్నించారు. అదీ కుదరలేదు. చివరికి 2021లో, లినక్స్ 5.13 నాటికి, ఆ డ్రైవర్‌నే తీసేశారు. ఇందులో రాసినవాళ్ల తప్పుగాని, మొదట చదివి ఒప్పుకున్నవాళ్ల తప్పుగాని ఉందని నేను అనను. అప్పటికి తెలిసినంతలో అంతా సవ్యమే. తర్వాత తెలిసినదాన్ని బట్టి తాము చేర్చుకున్నదాన్నే తాము తీసేయడం సులువైన పని కాదు. మనం ఒక గిన్నె కొని తప్పు కొన్నామని ఒప్పుకోవడానికే ఎంత కష్టపడతామో!

ఈ మధ్య మా అమ్మాయి దగ్గరికి ఇలాంటిదే ఒక డ్రైవర్ పరీక్షకు వచ్చింది. లెక్కలు సరిగ్గా ఉన్నాయి, గొళ్లేలు ఉన్నాయి. అనుమతి మాత్రం మూడు నాలుగులు. రాసినాయన తనకంటే పదేళ్లు సీనియరు. అడుగుదామా వద్దా అని రెండు రోజులు ఊగిసలాడింది. రాత్రి ఫోను చేసి, “ఆయనకు తెల్వకుంటదా పెద్దమ్మా? నేనడిగితే నవ్వుతరేమో” అంది.

“మన మీటరు వీధిల ఎందుకు పెట్టినవని ఇంటాయన్ను నేను ఆనాడు అడగలే. అడిగితే ఏమనుకుంటడో అనుకున్న. ఏమన్న అనుకోని, నువ్వడుగు” అన్నాను.

అడిగింది. ఆయన నవ్వలేదు. “ఇది నేను చూసుకోలేదు” అని జవాబు రాసి, చివరి నాలుగును సున్న చేసి మళ్లీ పంపాడు. అంతే. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పెద్ద పని అనిపించదు కూడా. దొంగ రాని ఇంట్లో ఏం పోలేదో ఎవరు లెక్కపెడతారు?

దీన్నిబట్టి మీటర్లే వద్దనుకోకండి. మీటరు లేకపోతే ఏ యంత్రం ఎంత వృథా చేస్తోందో తెలియదు. పెద్ద పెద్ద కంప్యూటరు కేంద్రాల్లో ఆ వృథా అంతా చివరికి మా బాయిల్లోంచి తీసే బొగ్గే. కాబట్టి కొలవాల్సిందే. అయితే ఎంత సన్నగా కొలుస్తున్నాం, ఎవరు చూస్తున్నారు అన్నవి వేరే ప్రశ్నలు. నెలకొకసారి వచ్చే బిల్లు చూసి దొంగ ఏమీ పట్టలేడు. క్షణక్షణం తిరిగే చక్రం చూసి పట్టగలడు.

దేశంలో ఇప్పుడు పలుచోట్ల స్మార్ట్ మీటర్లు బిగిస్తున్నారు. అవి నెలకొకసారి కాదు, గంటకు ఎన్నోసార్లు మన ఇంటి లెక్క పంపగలవు. మిక్సీ ఎప్పుడు తిరిగింది, ఇంట్లో అందరూ ఎప్పుడు పడుకున్నారు అన్నది అందులో తెలియవచ్చు. మీ ఇంటికి వచ్చినప్పుడు మీటరు సరిగ్గా తిరుగుతుందా అని అడగండి. దానితోపాటు ఆ లెక్క ఎవరెవరు చూస్తారు, ఎన్నాళ్లు దాచుకుంటారు అని కూడా అడగండి. చదువు రాదని, ఆడవాళ్లమని, ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. అడిగినందుకు మా అమ్మాయికి పోయిందేమీ లేదు. అడగనందుకు మా అమ్మ బిందెలు పోయాయి.