ఆకు రాల్చిన చెట్టు

పిల్లలూ! మాఘ ఫాల్గుణ మాసాలను శిశిర ఋతువు అంటారని మీకు తెలుసు. ఆ రోజుల్లో రావి, బూరుగు, మోదుగ, టేకు మొదలైన చెట్లు ఆకులు రాలుస్తాయి. “మోడైపోయింది, ఇంకేం చూస్తాం!” అనుకుని మనం నడిచిపోతాం. నిజానికి చెట్టు రూపం చూడటానికి ఇంతకంటె మంచి కాలం లేదు. చిగురు వేసిందంటే కొమ్మలన్నీ మళ్ళీ ఆకుల చాటున దాగిపోతాయి.

సాయంత్రం సూర్యుడు దిగిపోయాక, ఇంకా వెలుగున్న ఆకాశానికి ఎదురుగా ఒక బూరుగు చెట్టును చూడండి. కొమ్మలు గొడుగు ఊచల్లాగ మాను చుట్టూ బయలుదేరతాయి. కొంత పైన మరొక వరస, ఆపైన ఇంకొకటి, అంతస్తులు కట్టినట్టు ఉంటాయి.

టేకు తీరు వేరు. దాని ఆకులు జతలుగా, ఎదురెదురుగా పుడతాయి. ఒక జత తూర్పు పడమరలుగా ఉంటే, పై జత ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. ఆకు మొదటి మూలలోనే కొమ్మ పుడుతుంది గనక, కొమ్మలు కూడా చాలావరకు ఆ వరసనే పాటిస్తాయి.

నల్లమల అడవిలో తపసి అనే చెట్టు ఉన్నది. దాని బెరడు తెల్లగా, నున్నగా ఉంటుంది. ఆకు రాలాక ఆ చెట్టు సున్నం కొట్టినట్టు దూరానికే తెలిసిపోతుంది.

చెట్టు ఆకులెందుకు రాలుస్తుంది? ఆకులకుండే సన్నని రంధ్రాల గుండా నీరు ఆవిరైపోతుంది. వానలు లేక నేల ఎండే కాలంలో చెట్టు ఆ ఖర్చు భరించలేదు. అందుచేత ఆకులోని సారాన్ని చాలావరకు కొమ్మలోకి లాక్కుంటుంది. తరవాత కాడ మొదట్లో ఒక పొర ఏర్పడి, ఆకు ఊడిపోతుంది. అక్కడ చిన్న మచ్చ మిగులుతుంది. ఆ మచ్చకు పైనే బుల్లి మొగ్గ ఉంటుంది. రాబోయే చిగురు అందులోనే ఉన్నది!

ఇటలీ దేశపు చిత్రకారుడు లియొనార్డో డావిన్చీ (1452–1519) చెట్లను శ్రద్ధగా చూసి ఒక సంగతి రాసిపెట్టుకున్నాడు. ఏ ఎత్తున చూసినా, అక్కడి కొమ్మలన్నిటినీ కట్టగా కడితే మాను లావు అవుతుందట. చాలా చెట్లలో ఇది సుమారుగా సరిపోతుంది. మీరూ పరీక్షించవచ్చు. రెండుగా చీలిన కొమ్మకు చీలిక కిందా, పైనా దారం చుట్టి కొలవండి. కింద 50 సెంటీమీటర్లు, పైన కొమ్మలు 40, 30 అనుకోండి. 40×40, 30×30 కలిపితే 2,500. 50×50 కూడా 2,500! కొమ్మను అడ్డంగా కోస్తే కనిపించే ముఖం వైశాల్యం చుట్టుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది; అందుకే ఈ గుణకారం. మీ చెట్టులో లెక్క ఎంత దగ్గరగా వస్తుందో చూడండి.

ఆకులు లేకపోతే చెట్టు చచ్చిందనుకుని కొందరు గొడ్డలి తెస్తారు. తొందరపడకూడదు. సన్నని రెమ్మ బెరడును గోటితో కొంచెం గీకాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ రెమ్మకు ప్రాణమున్నట్టే. ఒకచోట ఎండి ఉన్నా, మరి రెండు మూడు చోట్ల చూడాలి.

ఓపిక పట్టినవారికి బూరుగు, మోదుగ ఆకు రాకముందే ఎర్రగా పూసి చూపిస్తాయి. ఆకుల అడ్డు లేదు గనక గోరింకలు, కాకులు ఆ పూలను దూరం నుంచే చూసి తేనెకు వస్తాయి. వాటి ముక్కులకు అంటిన పుప్పొడి మరొక పువ్వుకు చేరుతుంది. మోడనుకున్న చెట్టు అప్పుడే కాయకూ, గింజకూ సిద్ధమవుతున్నదన్నమాట!