తౌబా చేసి బతికిన నీనెవా, తర్వాత ఎలా కూలింది?

ఇంట్లో కష్టమొస్తే పెద్దవాళ్లు ఆయతె కరీమా చదివిస్తారు. చేప కడుపులో యూనుస్ అలైహిస్సలాం చేసుకున్న దుఆ అది. ఆయన కథ పిల్లలకు కూడా తెలుసు. మరి ఆయన జాతి చివరికి ఏమైంది?

శిక్ష మీదికి రాకముందే వాళ్లు ఈమాన్ తెచ్చుకున్నారనీ, అల్లాహ్ వాళ్లను కొంతకాలం సుఖంగా బతకనిచ్చాడనీ సూరా యూనుస్ 98వ ఆయత్ చెబుతుంది. ‘కొంతకాలం’ అన్న మాట గుర్తుపెట్టుకోండి. ఊరి పేరు ఖుర్ఆన్‌లో లేదు. సీరత్ గ్రంథాల్లో ఉంది: తాయిఫ్‌లో గాయపడిన ప్రవక్త (స)కు ద్రాక్షపండ్లు తెచ్చిచ్చిన అద్దాస్‌ది నీనెవాయే. యూదుల హీబ్రూ గ్రంథం కూడా యూనుస్ వెళ్లింది అక్కడికేనంటుంది.

అదే గ్రంథంలో నహూము అనే ప్రవక్త పేరుతో మూడు అధ్యాయాల చిన్న పుస్తకముంది. మొత్తం నీనెవా పతనం గురించే. నహూము పేరు ఖుర్ఆన్‌లో లేదు కాబట్టి ఆ మాటల్ని మనం ఔననీ కాదనీ అనక్కర్లేదు, చరిత్రగా చదవొచ్చు. క్రీ.పూ. 663లో అస్సీరియన్లు ఈజిప్టులోని తీబ్స్‌ను దోచిన సంగతి అందులో ఉంది. అంటే పుస్తకం ఆ తర్వాతిదే. అప్పటికి అస్సీరియా మంచి ఊపు మీదుంది. రాజధాని నీనెవా చుట్టూ 12 కిలోమీటర్ల గోడ. అషుర్‌బనిపాల్ రాజు లైబ్రరీ నుంచి దొరికిన మట్టి పలకలు, ముక్కలు కలిపి 30 వేలకు పైనే.

బీకాం బుర్రతో చూస్తే లోపం లెక్కలోనే కనిపిస్తుంది. ఆ రాజ్యం చాలావరకు ఓడినవాళ్లు కట్టే కప్పం మీద నడిచింది. కప్పం ఆగకూడదంటే సైన్యం కావాలి, సైన్యానికి మళ్లీ కప్పం కావాలి. క్రీ.పూ. 722లో ఇజ్రాయీల్ రాజ్యాన్ని ఊడ్చేశారు, 701లో యూదా రాజ్యం మీద పడ్డారు. భయపడినవాళ్లే తప్ప అభిమానించినవాళ్లు మిగల్లేదు. ఇక ఇంటి గొడవ. అషుర్‌బనిపాల్‌కూ, బాబిలోన్‌ను ఏలుతున్న అతని అన్నకూ క్రీ.పూ. 652 నుంచి నాలుగేళ్లు యుద్ధం జరిగింది. ఆయన పోయాక సింహాసనం కోసం మళ్లీ కొట్లాట. 626లో బాబిలోన్‌లో నబోపొలస్సర్ రాజయ్యాడు. 614లో మీదులు అషూర్ పట్టణాన్ని పట్టుకున్నారు. 612లో ఇద్దరూ కలిసి నీనెవాను ముట్టడిస్తే మూడు నెలల్లో పడిపోయింది. ఎండ రాగానే ఎగిరిపోయే మిడతల్లాంటి వాళ్లని అక్కడి అధికారులను నహూము వర్ణించాడు.

నదుల ద్వారాలు తెరుచుకుంటాయని కూడా అన్నాడు. ఖోస్ర్ నది ఊరి మధ్యలోంచే పారుతుంది కనుక వరదొచ్చి గోడ కూలిందని కొందరంటారు. బాబిలోన్ వృత్తాంత పలకలో చదవగలిగినంత మేర వరద ఊసు లేదు, గట్టి దాడి అనే ఉంది. హల్జీ ద్వారం దగ్గర తవ్వకాల్లో పడినవాళ్లు పడినట్టే అస్థిపంజరాలు దొరికాయి.

నీనెవా పడిందని సంతోషించిన యూదా రాజ్యానిదీ అదే గతి. 26 ఏళ్లకు, క్రీ.పూ. 586లో, అదే బాబిలోన్ సైన్యం జెరూసలేంను తగలబెట్టింది.

నీనెవా శిథిలాలు ఇప్పుడు ఇరాక్‌లోని మోసుల్ నగరంలో ఉన్నాయి. అక్కడి దిబ్బ మీద ఉన్న నబీ యూనుస్ మసీదును 2014 జులైలో ఐసిస్ పేల్చేసింది. కింద వాళ్లు తవ్విన సొరంగాల్లో బయటపడింది అస్సీరియా రాజు ఎసర్‌హద్దోన్ ప్యాలెస్.