మౌంటెన్ బైక్ రేస్: ఫ్రెండ్‌ను వదిలేసి ముందుకెళ్తే పెనాల్టీ.. తొలిసారి విదేశీ రేస్‌కు వెళ్లేవాళ్లు తెలుసుకోవాల్సిన విషయాలివే

సైకిల్ రేస్ అంటే పక్కవాడిని దాటుకుని ముందు వెళ్లడమే కదా అనుకుంటారు చాలామంది. దక్షిణాఫ్రికాలో ఏటా జరిగే కేప్ ఎపిక్ రేస్‌లో మాత్రం ఆ లెక్క కుదరదు. ఇక్కడ ఇద్దరు కలిస్తేనే ఒక టీమ్. ఆ ఇద్దరి మధ్య దూరం ఎప్పుడూ 2 నిమిషాలు దాటకూడదు. దాటితే టైమ్ పెనాల్టీ పడుతుంది. ఒకరు మధ్యలో ఆగిపోతే, రెండోవాళ్లు ఎంత బాగా తొక్కినా ఆ టీమ్ పేరు అధికారిక ఫలితాల్లో ఉండదు.

ఫ్రెండ్స్‌తో కలిసి తొలిసారి విదేశీ మౌంటెన్ బైక్ ఈవెంట్‌కు వెళ్లాలనుకునే వాళ్లు ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఈ 2 నిమిషాల రూల్‌నే. రేస్ ఏదైనా సరే.. గ్రూప్‌లో అందరికంటే నెమ్మదిగా తొక్కే వ్యక్తి వేగమే ఆ గ్రూప్ అసలు వేగం.

అసలేంటీ కేప్ ఎపిక్?

కెవిన్ వెర్మాక్ అనే దక్షిణాఫ్రికా వ్యక్తి దీన్ని 2004లో మొదలుపెట్టారు. ఆయనకు ఈ ఐడియా రావడానికి కారణం కూడా ఒక విదేశీ రేసే. కోస్టారికాలో జరిగే లా రూటా అనే మౌంటెన్ బైక్ రేస్‌ను చూసి, అలాంటిది తమ దేశంలోనూ ఉండాలని అనుకున్నారు.

కేప్ ఎపిక్ మార్చి నెలలో 8 రోజుల పాటు సాగుతుంది. తొలి రోజు చిన్న ప్రోలాగ్, ఆ తర్వాత 7 స్టేజ్‌లు ఉంటాయి. రూట్ ప్రతి ఏడాదీ మారుతుంది. మొత్తం దూరం సుమారు 600 నుంచి 700 కిలోమీటర్లు. ఎక్కాల్సిన ఎత్తు అంతా కలిపితే 15,000 మీటర్ల దాకా ఉంటుంది. అంటే సముద్ర మట్టం నుంచి ఎవరెస్ట్ శిఖరం దాకా ఒకసారి ఎక్కి, మళ్లీ దాదాపు 70 శాతం ఎక్కినంత. రాత్రిళ్లు రైడర్లు టెంట్లలో పడుకుంటారు. ఒలింపిక్ విజేతలు, ఉద్యోగాలు చేసుకునే మామూలు రైడర్లు ఒకే దారిలో తొక్కుతారు.

ఆ ఇద్దరి కథ

స్విట్జర్లాండ్‌కు చెందిన క్రిస్టోఫ్ సౌసర్, దక్షిణాఫ్రికాకు చెందిన బర్రీ స్టాండర్ కలిసి 2011, 2012లో ఈ రేస్ గెలిచారు. 2013 జనవరిలో ఘోరం జరిగింది. రోడ్డుపై ప్రాక్టీస్ చేస్తున్న స్టాండర్‌ను మినీబస్ ట్యాక్సీ ఢీకొంది. ఆయన అక్కడికక్కడే ప్రాణాలు కోల్పోయారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లే. అదే ఏడాది మార్చిలో సౌసర్, లండన్ ఒలింపిక్స్ విజేత యారోస్లావ్ కుల్‌హావీతో కలిసి మళ్లీ స్టార్ట్ లైన్‌కు వచ్చారు. స్నేహితుడి పేరునే టీమ్ పేరుగా పెట్టుకుని రేస్ గెలిచారు.

కొండ దారిలో ప్రమాదమని అందరికీ తెలుసు. కానీ మౌంటెన్ బైక్ రైడర్లకు ట్రైనింగ్ రోజుల్లో మామూలు రోడ్డు కూడా అంతే ప్రమాదం. తెల్లవారుజామున హైవే ఎక్కే మన రైడర్లు లైట్లు, మెరిసే జాకెట్ లేకుండా బయలుదేరకూడదు.

తొలిసారే కేప్ ఎపిక్‌కు వెళ్లొచ్చా?

అనుభవం లేకుండా నేరుగా 8 రోజుల రేస్‌కు వెళ్లడం కష్టమే. ముందు హిమాచల్ ప్రదేశ్‌లో జరిగే ఎంటీబీ హిమాలయ లాంటి స్టేజ్ రేస్‌లో రోజుల తరబడి తొక్కడం అలవాటు చేసుకోవచ్చు. ఆ తర్వాత నేపాల్ మంచి ఆప్షన్. భారతీయులకు వీసా అక్కర్లేదు.

అయితే నేపాల్‌లో ఎత్తుతో జాగ్రత్త. అక్కడి యాక్ అటాక్ రేస్‌కు 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమతోనే పేరొచ్చింది. అనంతగిరి, అరకు ఘాట్, హార్స్‌లీ హిల్స్ ఎన్నిసార్లు ఎక్కినా కాళ్లకు బలం వస్తుంది కానీ ఆ ఎత్తుకు ఊపిరి అలవాటు పడదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదనేది డాక్టర్లు చెప్పే లెక్క. 3, 4 రోజులకోసారి రెస్ట్ డే ఉండాలి. తలనొప్పి, వాంతులు, తూలుడు మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు. తగ్గకపోతే వెంటనే కిందికి దిగాలి. ఆ దిగేవాళ్లను ఒంటరిగా పంపకూడదు. తోడు ఎవరు వెళ్లాలో ఇంటి దగ్గరే మాట్లాడుకుంటే అక్కడ గొడవ ఉండదు.

ఇద్దరిలో ఒకరు స్పీడ్ అయితే?

చాలా గ్రూపుల్లో గొడవ ఇక్కడే మొదలవుతుంది. దీనికి రైడర్లు పాటించే పద్ధతి సింపుల్. ఎత్తు ఎక్కేటప్పుడు నెమ్మదిగా తొక్కేవాళ్లు ముందుంటారు, స్పీడ్‌ను వాళ్లే నిర్ణయిస్తారు. చదును దారిలో బలమైనవాళ్లు ముందుకొచ్చి ఎదురుగాలిని కాస్తారు. టూల్స్, పంపు, ఎక్స్‌ట్రా నీళ్లు కూడా వాళ్లే మోస్తారు. దిగే దారిలో ఎవరి స్కిల్‌ను బట్టి వాళ్లు దిగి, కింద ఆగుతారు.

ఇంకో మూడు విషయాలు టికెట్ బుక్ చేయకముందే తేల్చుకోవాలి. టార్గెట్ టైమ్ కొట్టడమా, కలిసి ఫినిష్ చేయడమా? ఒకరికి దెబ్బ తగిలితే మిగతావాళ్లు ఆగుతారా? ఖర్చు ఎలా పంచుకుంటారు? మొహమాటపడి వీటిని దాటవేస్తే, మూడో రోజు ఒళ్లు నొప్పుల మధ్య అవే మాటలు గొడవగా మారతాయి.

ఎయిర్‌పోర్ట్‌లో ఇబ్బంది పడొద్దంటే..

* ఖరీదైన సైకిల్ తీసుకెళ్తుంటే, వెళ్లేటప్పుడే మన ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. లేదంటే తిరిగొచ్చాక అది విదేశంలో కొన్నది కాదని నిరూపించుకోవాల్సి రావచ్చు.

* పవర్ బ్యాంక్, విడి లిథియం బ్యాటరీలు చెక్-ఇన్ లగేజీలో పెట్టకూడదు. చేతి బ్యాగ్‌లోనే ఉండాలి. ఈ-బైక్‌ల పెద్ద బ్యాటరీలను ప్రయాణికుల విమానాల్లో అనుమతించరు. గాలి నింపే గ్యాస్ సిలిండర్లను చాలాచోట్ల సెక్యూరిటీలో తీసేస్తారు, చేతి పంపు ఉంటే నయం.

* ప్యాకింగ్‌లో డిస్క్‌లు విప్పి, బ్రేక్ ప్యాడ్ల మధ్య స్పేసర్ పెట్టాలి. వెనక గేర్ మార్చే డిరెయిలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే హ్యాంగర్ ఒకటి స్పేర్ ఉంచుకోవాలి. చాలా బైక్‌లలో ఇది మోడల్‌ను బట్టి వేరుగా ఉంటుంది. విరిగితే పరాయి ఊళ్లో దొరకదు, రేస్ అక్కడితో ఆగిపోతుంది.

* బైక్ అక్కడే అద్దెకు తీసుకుంటే ముందు బ్రేకులు చూసుకోవాలి. మన దగ్గర మామూలుగా కుడిచేతి లివర్‌కు ముందు బ్రేక్ ఉంటుంది. అమెరికాలో, యూరప్‌లోని చాలా దేశాల్లో అది ఎడమచేతికి ఉంటుంది. దిగుడులో కంగారుగా తప్పు లివర్ నొక్కితే హ్యాండిల్ మీదుగా ఎగిరి పడటమే. మెకానిక్‌తో మార్పించుకోవడం పది నిమిషాల పని.

* దక్షిణాఫ్రికాకు వీసా తప్పనిసరి. అడిస్ అబాబా, నైరోబీ మీదుగా విమానం మారేవాళ్లు వెళ్లేటప్పుడు, వచ్చేటప్పుడు వర్తించే ఎల్లో ఫీవర్ వ్యాక్సిన్ నిబంధనలు చెక్ చేసుకోవాలి.

అక్కడా పల్లేరు ముళ్లే!

మన చేల గట్ల మీద కాళ్లకు గుచ్చుకునే పల్లేరు కాయలు దక్షిణాఫ్రికాలోనూ ఉంటాయి. అక్కడివాళ్లు వాటిని డుబ్బెల్చీ అంటారు. సైకిల్ టైర్లకు ఇవి పెద్ద శత్రువులు. అందుకే ట్యూబ్ లేని టైర్లలో సీలెంట్ ద్రవం పోసి వాడతారు. చిన్న రంధ్రం పడితే అదే మూసుకుపోతుంది. పెద్ద చిల్లులకు టైర్ ప్లగ్‌లు, చివరి ఆధారంగా ఒక ట్యూబ్ దగ్గర ఉండాలి.

ఈ మాత్రలతో జాగ్రత్త

ఒళ్లు నొప్పులకు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకుని ఎండలో గంటల తరబడి తొక్కడం ప్రమాదకరం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఈ మాత్రలు కిడ్నీలను దెబ్బతీయవచ్చు. అలాగని అదే పనిగా ఉత్త నీళ్లు తాగినా ముప్పే, రక్తంలో సోడియం పడిపోతుంది. దాహాన్ని బట్టి తాగుతూ, మధ్యలో ఉప్పు ఉన్న ఆహారం తీసుకోవాలి. రైడర్ మాటలు తడబడుతున్నా, అయోమయంగా ఉన్నా వెంటనే ఆపి మెడికల్ టీమ్‌ను పిలవాలి. ఆ మార్పును ముందుగా గుర్తుపట్టేది పక్కనే తొక్కుతున్న ఫ్రెండే.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పాలసీ పూర్తిగా చదవాలి. మామూలు ట్రావెల్ పాలసీల్లో చాలావరకు రేసులకు, ఎక్కువ ఎత్తులో జరిగే ప్రమాదాలకు కవర్ ఉండదు. సైకిల్ రేస్, హెలికాప్టర్ రెస్క్యూ రెండూ పాలసీలో రాసి ఉన్నాయో లేదో చూసుకున్నాకే ప్రీమియం కట్టాలి. గ్రూప్‌లో ప్రతి ఒక్కరి పాలసీ నంబర్, బ్లడ్ గ్రూప్, ఇంటి ఫోన్ నంబర్ మిగతా అందరి ఫోన్లలోనూ సేవ్ అయి ఉండాలి.